పడుకోబెడితే ఏడుస్తోంది

పోయిన జనవరిలో ఒక గురువారం రాత్రి. తెల్లారితే శుక్రవారం, ఇక్కడ సెలవు. వారమంతటి నిద్ర బాకీ ఒక్క రాత్రిలో తీర్చేసుకుందామని పదింటికే దుప్పట్లో దూరాను. రెండింటికి పాప లేచింది. మామూలుగా లేవడం కాదు, ఎవరో గిల్లినట్టు కెవ్వుమంది. ఎత్తుకుంటే వెక్కుతూ ఊరుకుంటుంది. భుజం మీద కళ్ళు మూతలు పడతాయి. ఊపిరి బిగబట్టి మెల్లిగా పక్క మీదికి దించుతానా, వీపు పరుపుకి తగలగానే మళ్ళీ కెవ్వు. తెల్లవారుజామున మసీదులో మొదటి పిలుపు వినబడేదాకా హాల్లో సోఫా చుట్టూ ప్రదక్షిణలు చేశాను. అప్పటికి పాపకి పదకొండో నెల.

మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి తెనాలిలో అప్పటికే పొద్దెక్కి ఉంటుంది. అమ్మకి ఫోన్ చేశాను.

"ఏసీ గాలి తగిలుంటుంది," అంది అమ్మ, హలో కూడా అనకుండా.

"జనవరిలో ఇక్కడ ఏసీ ఎవరు వేస్తారమ్మా? రాత్రిళ్ళు హీటర్ పెట్టుకుంటున్నాం."

"అయితే ఆ హీటరే."

కువైట్ అంటే ఏడాది పొడవునా నిప్పుల కుంపటి అని అమ్మ నమ్మకం. చలికాలం ఉంటుందని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి ఎక్కదు. ఇంతలో వెనకనుంచి పిన్ని గొంతు, "తలంటు పోసినప్పుడు చెవిలో నీళ్ళు పోయుంటాయి, అడుగు." నూనెలో రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి కాచి, గోరువెచ్చగా చెవిలో రెండు చుక్కలు వెయ్యమని అమ్మ. ముందు దిష్టి తియ్యమని పిన్ని. మా ఆయన మాత్రం కిటికీ అంచుమీద వేలితో గీసి, "ఈ దుమ్మే," అని తేల్చేశాడు. ఇలా తెల్లారేసరికి ముద్దాయిలు నలుగురయ్యారు. ఏసీ పోయి హీటరు, తలంటు నీళ్ళు, దిష్టి, ఎడారి దుమ్ము.

నిజానికి ఆ వారంలోనే ఒకామె నాకు చెప్పింది. నేనే వినిపించుకోలేదు.

నేను ఉద్యోగానికి వెళ్ళే వేళల్లో పాపని చూసుకునేది రాయచోటి అక్క. అబ్బాసియాలో మా బిల్డింగులోనే రెండంతస్తుల కింద ఉంటారు. వాళ్ళాయన డ్రైవరు. అక్క తన హాల్లో చాపలు పరిచి, నాలాంటివాళ్ళ పిల్లలు ఆరేడుగురిని సాయంత్రందాకా చూస్తుంది. మంగళవారం పాపని తీసుకెళ్ళడానికి దిగితే, "అమ్మా, బిడ్డకి జలుబు ముదిరినట్టుండాది. పాలు రెండు గుక్కలు తాగుతాది, మల్ల ఇడిసిపెట్టి ఏడుస్తాది. చెయ్యి చెవి కాడికే పోతాండాది, ఒకసారి సూపీమ్మా," అంది. "పళ్ళొస్తున్నాయి కదక్కా," అని నేనే సర్ది చెప్పి వచ్చేశాను. పళ్ళొచ్చే వయసు మనకి ఎంత సౌకర్యమో! జ్వరమైనా, విరేచనాలైనా, ఏడుపైనా పళ్ళమీదికి తోసెయ్యొచ్చు.

శుక్రవారం పొద్దున్నే డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఈజిప్టు ఆయన, పెద్ద మనిషి. జ్వరం చూశారు, ముప్పై తొమ్మిది దాటింది. లైటున్న చిన్న గరాటులాంటి పనిముట్టు చెవిలో పెట్టి చూశారు. కుడి కర్ణభేరి ఎర్రగా ఉబ్బి ఉందట, వెనకాల చీము పట్టి. పాప గది ఎగిరిపోయేలా ఏడుస్తుంటే ఆయన "హబీబ్తీ, హబీబ్తీ" అంటూనే పని కానిచ్చుకున్నారు.

నేను మా ఇంట్లో అనుకున్న నేరస్థుల జాబితా చదివాను. ఆయన నవ్వి, మందుల చీటీ వెనక్కి తిప్పి ఒక బొమ్మ గీశారు.

చెవి రంధ్రం లోపలికి పోయి కర్ణభేరి దగ్గర ఆగిపోతుంది. అది మూసిన తలుపు. అది చిల్లు పడకుండా ఉన్నంతవరకు తలంటు నీళ్ళు దాన్ని దాటి లోపలికి పోవు. గాలీ పోదు. జబ్బు చేసింది ఆ తలుపు వెనక గదికి. దాన్ని మధ్య చెవి అంటారు. ఆ గదికి దొడ్డిదారి ఒకటుంది, ముక్కు వెనకనుంచి వచ్చే సన్నటి గొట్టం. పదహారో శతాబ్దపు ఇటలీ వైద్యుడు యూస్టేషి పేరుమీద దాన్ని యూస్టేషియన్ గొట్టం అంటారు. మధ్య చెవిలోకి గాలి రావడానికి, అందులో ఊరిన తడి కిందికి పోవడానికి అదే దారి. పెద్దవాళ్ళలో అది పొడుగ్గా, ఏటవాలుగా ఉంటుంది. పసిపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది.

ఆ బొమ్మ చూడగానే నాకు మా తాపీమేస్త్రి గుర్తొచ్చాడు. బాత్రూం గచ్చు వేసేటప్పుడు "వాటం, వాటం" అని పొద్దస్తమానం అనేవాడు. వాటం సరిగా లేని తూములో నీళ్ళు నిలుస్తాయి, నిలిచిన నీళ్ళు కుళ్ళుతాయి. పసిపిల్లల చెవికి దేవుడు వాటం ఇంకా పెట్టలేదు, అంతే. జలుబు చేస్తే ఆ గొట్టం వాచి మూసుకుపోతుంది. వెనకాల నీరు చేరుతుంది. ముక్కులోని క్రిములు అందులోకి ఎక్కితే చీమవుతుంది. పడుకోబెడితే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అందుకే భుజంమీద ఊరుకున్న పిల్ల పక్కమీద కెవ్వుమంది. ఆరు నెలలనుంచి రెండేళ్ళ లోపు ఇది ఎక్కువ. మూడేళ్ళు నిండేలోగా చాలామంది పిల్లలు కనీసం ఒక్కసారైనా దీని బారిన పడతారు. పెరిగేకొద్దీ గొట్టానికి వాటం వస్తుంది, జబ్బు తగ్గుతుంది.

అంతవరకు బాగానే ఉంది. తరవాత ఆయన కలం పట్టుకుని ప్రశ్నలు మొదలుపెట్టారు. నా పని అయిపోయింది.

"రోజంతా ఎంతమంది పిల్లల మధ్య ఉంటుంది?" ఏడుగురని చెప్పాను. పసిపిల్లలకి ఏడాదికి ఆరేడు జలుబులు రావడం మామూలేనట. నలుగురు పిల్లలు కలిసే చోట ఒకరి జలుబు అందరిదీ అవుతుంది. ప్రతి జలుబూ చెవికి ఒక అవకాశం. ఇంట్లో బడికి పోయే అన్నలో అక్కలో ఉన్నా అంతే.

"సీసా పాలు ఎలా తాగుతుంది?" ఎలా తాగుతుందంటే, తనే పట్టుకుని వెల్లకిలా పడుకుని తాగుతుంది. తనంతట తను సీసా పట్టుకోవడం నేర్చుకున్న రోజు ఆ వీడియో రెండు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టాను. వెల్లకిలా తాగితే పాలు గొంతు వెనకనుంచి ఆ పొట్టి గొట్టం వైపు ఎగదన్నే వీలుందట. తల ఎత్తుగా ఉండాలి, సీసా మనం పట్టుకోవాలి, నోట్లో సీసాతో నిద్రపోనివ్వకూడదు.

"నోట్లో పీక?" ఉంది. మన తేనెపీకే, తేనె లేదు గానీ. పగలూ రాత్రీ నోట్లోనే. ఆరు నెలలు దాటాక దాన్ని తగ్గించమన్నారు. ఫిన్లాండ్‌లో 2000లో వచ్చిన ఒక అధ్యయనం గురించి తరవాత నేను చదివాను. పీకని నిద్రపట్టే వేళకి మాత్రమే ఇవ్వండని నర్సులు కొందరు తల్లిదండ్రులకి చెప్పారు, కొందరికి చెప్పలేదు. చెప్పిన వాళ్ళ పిల్లల్లో చెవి జబ్బులు 29 శాతం తక్కువ. మందు లేదు, మాకు లేదు. ఒక్క మాటతో అంత తేడా.

"ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా?" లేదన్నాను. మా ఆయన గొంతు సవరించుకుని, "బాల్కనీలో, రాత్రిపూట, ఒక్కటే," అన్నాడు. ఆయన తల కూడా ఎత్తకుండా రాసుకున్నారు. సిగరెట్ పొగ ఆ గొట్టం లోపలి పొరని దెబ్బతీస్తుంది. అక్కడి సన్నటి నూగు తడిని బయటికి ఊడ్చే పని మానేస్తుంది. పక్కింటివాళ్ళు బఖూర్ వేసినప్పుడూ, మనం సాంబ్రాణి వేసినప్పుడూ కూడా పాపని పొగకి దూరంగా పెట్టమన్నారు. తలంటు పోశాక జుట్టుకి సాంబ్రాణి పట్టించనిదే మా అమ్మకి స్నానం పూర్తయినట్టే కాదు. నేరం నీళ్ళది కాదు గానీ ఆ తరవాతి పొగని మాత్రం ఒక కంట కనిపెట్టాలన్నమాట.

"తల్లిపాలు ఎన్నాళ్ళు ఇచ్చారు?"

ఇక్కడ నాకు మాట రాలేదు. మూడు నెలలు, అన్నాను. ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇమ్మని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుందని నాకు తెలుసు. ఆ పాలల్లో క్రిములతో పోరాడే పదార్థాలు ఉంటాయని తెలుసు. తెలియక మానలేదు.

చివరగా టీకాల కార్డు చూశారు. న్యుమోకోకల్ టీకా రెండో నెలనుంచే పడుతూ వచ్చింది. ఆ ఒక్క ప్రశ్నకి పూర్తి మార్కులు వచ్చాయి. రెండేళ్ళ లోపు పిల్ల, గట్టి జ్వరం, ఉబ్బిన కర్ణభేరి కాబట్టి యాంటీబయాటిక్ వెంటనే మొదలుపెట్టారు. నొప్పికి పారాసెటమాల్. రెండేళ్ళు దాటి, నొప్పీ జ్వరమూ స్వల్పంగా ఉన్న పిల్లలకైతే నొప్పి మందు ఇస్తూ రెండు మూడు రోజులు కనిపెట్టి చూడొచ్చట. చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. చెవిలో నూనె మాత్రం వద్దన్నారు. చీము ఒత్తిడికి కర్ణభేరి చిల్లు పడి ఉంటే ఆ నూనె తిన్నగా లోపలి గదిలోకి పోతుంది.

తిరిగి వస్తూ కారులో ఇద్దరం మాట్లాడుకోలేదు. పాప నిద్రపోయింది. నేను ఆ చీటీ వెనక బొమ్మ చూస్తూ కూర్చున్నాను. ఆయన ఒక్క మాట కూడా నన్ను అనలేదు. అయినా ఆ ప్రశ్నలన్నీ నాకు ఛార్జిషీటులాగే వినిపించాయి. సీసా నాది, పీక నాది, ఏడుగురు పిల్లల హాలు నేను ఎంచుకున్నది, మూడో నెలలో మానేసిన పాలు నావి.

తరవాత కోపం వచ్చింది. ఇక్కడి ప్రైవేటు ఉద్యోగాల చట్టం, 2010లో వచ్చిన ఆరో నంబరు చట్టం, కాన్పుకి జీతంతో ఇచ్చే సెలవు 70 రోజులు. ఆ పైన జీతం లేకుండా నాలుగు నెలల దాకా తీసుకోవచ్చు. ఇండియాలో 2017 సవరణ తరవాత 26 వారాలు. డెబ్భయ్యొకటో రోజు నేను ఆఫీసులో లెడ్జర్ల ముందు కూర్చున్నాను. పాలిచ్చే తల్లికి పనివేళల్లో రెండు గంటల విరామం ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. ఆ సంగతి నాకు పాప ఆరో నెలలో తెలిసింది. అప్పటికి పాలు ఎండిపోయాయి. తెలిసి ఉన్నా అడిగేదాన్నా? మా సెక్షన్లో నేనొక్కదాన్నే ఆడదాన్ని. నెల తిరిగేసరికి అద్దె కట్టాలి. అడిగేదాన్ని కానేమో.

డాక్టర్లు "రిస్క్ ఫ్యాక్టర్లు" అంటారు. మనం వాటిని "తప్పులు" అని వింటాం, ముఖ్యంగా తల్లులం. నిజానికి వాటిలో రెండు రకాలున్నాయి. కొన్ని ఈ రాత్రే మార్చుకోగలిగినవి. సీసా పట్టే తీరు, పీక, బాల్కనీలో సిగరెట్. కొన్ని మన బతుకు అమరిన తీరులోంచి వచ్చినవి. డేకేర్, సెలవు రోజులు, చలికాలం, ఇరుకిల్లు, పిల్ల పుట్టుకతో తెచ్చుకున్న ముక్కూ చెవీ నిర్మాణం. మొదటివాటికి బద్ధకించకూడదు. రెండోవాటికి తల బాదుకోకూడదు. ఇది నాకు నేను చెప్పుకోడానికి వారం పట్టింది.

ఆదివారం పాపని దింపుతూ రాయచోటి అక్కకి జరిగిందంతా చెప్పాను. మందుల వేళలు, తల ఎత్తుగా పెట్టి పాలు పట్టడం, పీక నిద్రకి మాత్రమే. అక్క బుద్ధిగా విన్నది. "ఇంకేం అడిగినాడమ్మా?" అంది. ఒక్కొక్క ప్రశ్నా చెప్పాను. పొగ దగ్గరికి వచ్చేసరికి అక్క చాపమీద కూలబడింది.

"మా పిల్లోనికి ఇయ్యన్నీ ఉండాయి గదమ్మా," అంది.

అక్క కొడుకు సంగతి నాకు అప్పటిదాకా పేరుకి మాత్రమే తెలుసు. తొమ్మిదేళ్ళవాడు, ఊళ్ళో నాయనమ్మ దగ్గర ఉంటాడని. ఆ రోజు తెలిసింది. వాడికి ఎనిమిది నెలలప్పుడు పాలు మాన్పించి అక్క కువైట్ విమానం ఎక్కింది, ఒక ఇంట్లో ఖద్దామాగా. నేను చెప్పుకుని ఏడ్చిన ఆ 70 రోజుల చట్టం ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి వర్తించదు. వాళ్ళకోసం 2015లో వేరే చట్టం వచ్చింది. వారానికో రోజు, ఏడాదికి నెల రోజులు సెలవు దాని ప్రకారం. అంతకుముందు సంగతి ఎవరికి వాళ్ళే చెప్పుకోవాలి. ఆ ఇంట్లో ఇద్దరు పసివాళ్ళని అక్క ఒళ్ళో పెట్టుకుని పెంచింది. ఊళ్ళో తన కొడుకు మంచంమీద వెల్లకిలా పడుకుని సీసాతో ఆవుపాలు తాగాడు. కట్టెల పొయ్యి దగ్గర, నాయనమ్మ కొంగు పట్టుకుని పొగలో పెరిగాడు.

"ఏడాది నిండినంక చెవిలో చీము కారిందంట. మా యత్త నూనె కాంచి పోసింది. చీము కారినంక నొప్పి పోయి పిల్లోడు నవ్వినాడంట. ఇంక బాగుపన్యాడు అనుకున్యారు. మల్ల జలుబు చేసినప్పుడల్లా కారేది, దూది పెట్టేది. చీముచెవి, పెద్దయితే అదే పోతాదిలే అన్యారు అందరూ."

నొప్పి పోయింది కాబట్టి బాగైందనుకోవడం! నా వెన్ను జలదరించింది. కర్ణభేరి చిల్లు పడి చీము బయటికి రాగానే లోపల ఒత్తిడి తగ్గి నొప్పి పోతుంది. చాలామంది పిల్లల్లో ఆ చిల్లు కొద్ది రోజుల్లో మూసుకుంటుంది. కొందరిలో మూసుకోదు. రెండు వారాలకి మించి చీము కారుతూ ఉంటే ఇక దాన్ని దీర్ఘకాలిక చెవి జబ్బు కిందే చూడాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 2004లో ఆ సంస్థ వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో ఆరున్నర కోట్లనుంచి 33 కోట్ల మందికి ఇలా చెవి కారుతూ ఉంటుంది. వాళ్ళలో నూటికి అరవైమందికి చెప్పుకోదగ్గ వినికిడి లోపం ఉంటుంది. అదే నివేదికలో ఈ జబ్బు బాగా ఎక్కువగా ఉన్న దేశాల వరసలో మన దేశం ఉంది. న్యుమోకోకల్ టీకా మన ప్రభుత్వ టీకాల్లో 2017లో కొన్ని రాష్ట్రాలతో మొదలై, 2021లో దేశమంతటికీ వచ్చింది. అక్క కొడుకు పసితనం అప్పటికే దాటిపోయింది.

వాడికి వినబడడం లేదని కనిపెట్టింది అక్కే, ఇక్కడినుంచి, ఐమో వీడియోలో. వాడు ఫోన్ ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకునేవాడు. ఎడమవైపునుంచి నాయనమ్మ పిలిస్తే తిరిగేవాడు కాదు. "నేను మాట్లాడతాంటే మధ్యలో ఫోను ఇచ్చేసి ఆడుకోను పోతాడు. అమ్మంటే ఇష్టం లేదేమో, నన్ను మరిసిపోయినాడేమో అనుకుని రెండేండ్లు ఏడ్చినా. వానికి ఇనపడలా తల్లీ."

బళ్ళో వాడికి మొండివాడని పేరు పడింది. ఆఖరి బెంచీ. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకి డాక్టర్లు వచ్చి పిల్లలని చూస్తారు. వాళ్ళు చూడాల్సిన జబ్బుల జాబితాలో ఈ చెవి జబ్బు కూడా ఉంది. వాడినీ చూశారు. పెద్దాసుపత్రికి వెళ్ళమని చీటీ రాసిచ్చారు. చదువురాని నాయనమ్మ ఆ చీటీని వెంకన్న పటం వెనక భద్రంగా దాచింది. చీటీ అక్కడ ఏడాదిన్నర ఉంది.

అక్క చెబుతూనే ఒక పిల్లాడి ముక్కు తుడిచింది, ఇంకొకడి నోట్లో సీసా తీసి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "ఆ డాక్టరు నిన్ను అడిగిన మాటలు నన్ను ఎవురన్నా అడిగింటే సాలునమ్మా. నేను ఏమీ సేసేదాన్ని కాదేమో. ఆ పొద్దు అప్పులు అట్టుండె. అయినా మా యత్తకి సెప్పి ఉందును గదా, బిడ్డని కూసోబెట్టి పట్టు అని."

నాకు ప్రశ్నలు ఛార్జిషీటులా వినిపించాయి. అక్కకి అవి ఎవరూ తనకి ఇవ్వని కానుకలా వినిపించాయి. ఆ పూట ఆఫీసులో నాకు లెక్కలు కుదరలేదు.

మా పాపకి మూడో రోజుకి జ్వరం తగ్గింది. మందు మాత్రం డాక్టరు చెప్పిన అన్ని రోజులూ వేశాం. మూడు నెలలకి మళ్ళీ చూపించమన్నారు. ఎందుకంటే చీము పోయినా కర్ణభేరి వెనక నీరు కొన్ని వారాలు నిలిచి ఉండొచ్చు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. పిల్లకి మాత్రం లోకమంతా నీళ్ళలోంచి విన్నట్టు ఉంటుంది. ఎక్కువమందిలో అది మూడు నెలల్లో పోతుంది. పోనివాళ్ళని వదిలెయ్యకూడదు, మాటలు నేర్చే వయసు కదా. ఏప్రిల్లో చూపించాం. నీరు లేదు. ఆ సాయంత్రమే పాప గిన్నె కింద పడేసి, ఆ చప్పుడుకి తనే ఉలిక్కిపడి, మళ్ళీ పడేసింది. పదిసార్లు పడేసినా నేను ఒక్క మాట అనలేదు.

మా ఆయన సిగరెట్ మానేశాడని రాస్తే మీరు నమ్మరు, నేనూ నమ్మను. తగ్గించాడు. ఇంట్లో, బాల్కనీలో లేదు. కింద రోడ్డుమీదికి దిగి, తిరిగొచ్చాక చొక్కా మార్చుకుంటేనే పాపని ఎత్తుకోవాలని రూలు పెట్టాం. అమ్మ ఇంకా హీటరునే అనుమానిస్తోంది.

జూన్‌లో అక్క సెలవు పెట్టి ఊరెళ్ళింది. వెంకన్న పటం వెనక చీటీ తీసుకుని, కొడుకుని తిరుపతి పెద్దాసుపత్రిలో చూపించింది. ఎడమ కర్ణభేరిలో చిల్లు ఉందని, ముందు చెవిని పొడిగా ఆరనిచ్చి, తరవాత తెర అతికించే ఆపరేషన్ చేస్తామని చెప్పారట. పోయిన వినికిడి ఎంత తిరిగొస్తుందో ఆపరేషన్ అయితే గాని చెప్పలేమన్నారట. అక్క మాత్రం ఆ రోజే తిన్నగా బడికి వెళ్ళి, పిల్లాణ్ణి మొదటి బెంచీలో, కుడి చెవి టీచరు వైపు ఉండేలా కూర్చోబెట్టి వచ్చింది.

మీ ఇంట్లో గానీ, మీ ఊళ్ళో గానీ, టీవీ సౌండు పెంచమనే పిల్లాడో, పిలిస్తే పలకని పిల్లో ఉంటే, మొండి అనేముందు ఒకసారి చెవి చూపించండి. చెవిలోంచి దూది తీస్తే తడిగా ఉన్న పిల్ల కనబడితే, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. పటాల వెనక ఏమైనా చీటీలున్నాయేమో కూడా చూడండి.

అక్క జూలైలో తిరిగొచ్చింది. ఇప్పుడు కింద హాల్లో పాలవేళ చూడాలి. గోడకి దిళ్ళు ఆనించి, పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరికీ తనే సీసా పడుతుంది. ఎవరైనా జారి పడుకోబోతే గడ్డం కింద చెయ్యి పెట్టి, "తల పైకి, సామీ, తల పైకి," అంటుంది. సాయంత్రం ఐమోలో కొడుకు వస్తాడు. "ఫోను ఎడమ చెవికి పెట్టుకో నాయనా," అని, ఒక క్షణం ఆగి, "ఇనపడతాందా?" అని అడుగుతుంది. రోజూ అడుగుతుంది.